చుక్క పెట్టిన ఇళ్ళు

2 సెప్టెంబరు 1991, సోమవారం

నాకు ఎవరి మీదా కోపం లేదు. అది ముందే రాసుకుంటే తక్కినది రాయడం తేలిక.

నిన్న ఆరాధన అయ్యాక సమూయేలు గారు కమిటీని ఆపి, సంఘం కంప్యూటరులో ఇళ్ళ జాబితా ఉంచే ప్రోగ్రాము పాత వెర్షన్ తీసేసి కొత్తది వేయిద్దామన్నారు. ఆయన మా సంఘ కార్యదర్శి. కొత్త వెర్షన్ ఫ్లాపీలు తెచ్చింది ఆయన కోడలు ఆలిస్. విశాఖపట్నంలో నేర్చుకుందట. పెళ్ళై ఖరగ్‌పూర్ వచ్చి ఎన్నాళ్ళో కాలేదు. మా చర్చిలో ఏ తలుపు ఎటు తెరుచుకుంటుందో ఇంకా తెలియదు.

మా దగ్గరున్నది డిబేస్ త్రీ ప్లస్. ఆమె తెచ్చింది డిబేస్ ఫోర్. సమూయేలు గారు రైల్వే పార్సిల్ ఆఫీసులో చేసి రిటైరైన మనిషి. పెద్ద అంకె కనబడితే లేచి నిలబడతారు.

"మూడు కంటే నాలుగు పెద్దదా, కాదా? ఇందల సూడ్డానికేటుంది?" అన్నారు.

"త్రీ తరువాత ప్లస్ కూడా ఉందండీ," అన్నాను. ఎవరూ వినలేదు.

"ఇందులో అన్నీ మెనూలే ఆంటీ. కమాండ్లు గుర్తు పెట్టుకోనక్కర్లేదు. ఎవరైనా చేసెయ్యొచ్చు," అంది ఆలిస్.

ఎవరైనా. రెండేళ్ళుగా ప్రతి శనివారం ఆ చిన్న ఆఫీసు గదిలో కూర్చుని, సంఘంలోని ఇళ్ళన్నీ ఒక్కొక్కటిగా ఎక్కించి, పుట్టినవాళ్ళనూ పోయినవాళ్ళనూ సరిచూసుకుంటూ నేను చేస్తున్న పని ఎవరైనా చెయ్యొచ్చు. మంచిదే. దేవుని పనికి ఎవరైనా ముందుకు రావాలనే కదా మా స్త్రీల కూటంలో ప్రార్థిస్తాం. ఇంత తొందరగా జవాబు వస్తుందనుకోలేదు.

"కుర్పమ్మ గారికి ఇశ్రాంతి కూడాను," అన్నారు సమూయేలు గారు. నా పేరు కృపమ్మ. ఆయన నోట అది ఎప్పుడూ తిరగలేదు.

"మీ ఇష్టమండీ," అన్నాను మెల్లగా. నేను ఎప్పుడూ మెల్లగానే మాట్లాడతాను.

ఇంటికొచ్చాక ఈయన చొక్కా విప్పుతూ నా ముఖం చూసి, "నువ్వు మెల్లగా మాటాడితే నాకు బయమేస్తాది. తిట్టిన రోజు అన్నమైనా ఉంటాది," అన్నారు.

అన్నం పెట్టాను. కూరే లేదు.

3 సెప్టెంబరు

ఉదయం ధ్యానంలో శత్రువుల కోసం ప్రార్థించమని వచ్చింది. నాకు శత్రువులు ఎవరూ తట్టలేదు. ఆలిస్ కోసం ప్రార్థించాను, ఊరికే.

7 సెప్టెంబరు, శనివారం

తాళం తీసి, గది ఊడ్చి, ప్రార్థన చేసుకుని మెషీను వేశాను. నల్లటి తెర మీద చిన్న చుక్క ఒకటి వచ్చి మన కోసం ఎదురు చూస్తుంది. పాత వెర్షన్ అంటే అంతే. మాట చెబితే చేస్తుంది, తప్పు చెబితే తప్పంటుంది. ఎదుటివాళ్ళ ఇంట్లో ఏం జరిగిందో అడగదు.

దీన్ని నేను మలంచా రోడ్డులో ఒక కంప్యూటరు సెంటర్లో నేర్చుకున్నాను. సంఘమే పంపింది. సాయంత్రం క్లాసు కాబట్టి రూతు నాకు తోడొచ్చేది. తల్లిని ఒంటరిగా బస్సు ఎక్కించని కూతురని అందరూ మెచ్చుకున్నారు. నేర్పే మాస్టారు బెంగాలీ అబ్బాయి, మర్యాదస్తుడు. నన్ను మాషీమా, అంటే పిన్నిగారూ, అని పిలిచేవాడు. రూతుని ఏమని పిలిచేవాడో నేను గమనించలేదు. నేను కమాండ్లు రాసుకుంటున్నాను.

కిందటేడు ఆగస్టులో ఇద్దరూ రిజిస్టరు పెళ్ళి చేసుకున్నారు. అప్పటి నుంచీ రూతు ఈ ఇంటికి రాలేదు. రావద్దని నేను అనలేదు. తలుపు తీయలేదు, అంతే.

మా లైనులో చివరి క్వార్టరు అన్నమ్మది. పంపు దగ్గర బిందె దించుతూ అందరూ వినేలా, "తల్లి కంపూటరు నేర్సుకుంటే కూతురు కంపూటరు మేస్టార్నే నేర్సీసుకుంది," అంది. అందరూ నవ్వారు. ఆ మాటలో ప్రాస ఉందని తరువాత ఈయన కూడా ఒప్పుకున్నారు.

పాత వెర్షన్‌లో ఒక మంచి పద్ధతి ఉంది. ఒక పేరు తీసెయ్యమంటే అది వెంటనే తీసెయ్యదు. పేరు పక్కన చుక్క పెట్టి ఊరుకుంటుంది. ఆరు కొమ్మల చుక్క, క్రిస్మస్‌కి గుమ్మంలో కడతామే, అలాంటిదే. చుక్క పడ్డవాళ్ళు పోయినట్టే లెక్క, కానీ లోపలే ఉంటారు. 'ప్యాక్' అన్న మాట కొట్టినప్పుడే నిజంగా పోతారు. ఈలోగా మనసు మారితే 'రికాల్' అంటే చాలు, చుక్క చెరిగి మనిషి తిరిగొస్తాడు. ఇది చెప్పిన రోజు మాస్టారు నవ్వుతూ, "క్షమించడం తెలిసిన మెషీను, మాషీమా," అన్నాడు. అప్పుడు నాకు ఆ మాట చాలా నచ్చింది. రూతుకి కూడా నచ్చినట్టుంది.

అందుకే ప్రతి శనివారం ముందుగా 'సెట్ డిలీటెడ్ ఆన్' అని కొడతాను. అది కొడితే చుక్క పడ్డవాళ్ళు కంటికి కనబడరు. కొట్టకపోతే పోయినవాళ్ళూ ఉన్నవాళ్ళూ కలిసి వచ్చేస్తారు.

సంఘం బయట పెళ్ళి చేసుకున్నందుకు రూతు పేరు తీసెయ్యాలా అన్న సంగతి కమిటీలో వచ్చినప్పుడు, "పిల్లే కదా, ఈస్టరు దాకా సూద్దామమ్మా," అన్నారు సమూయేలు గారు. నా కూతురని దయ చూపించారని లోకం అనకూడదు. ఆ శనివారమే నేను స్వయంగా ఆ పని చేశాను. ముందు వాళ్ళ కొత్త ఇంటిని జాబితాలో ఎక్కించాను: మలంచా, పోస్టాఫీసు వెనక మేడ, కింది వాటా. ఈయన గోడకి చెబుతుంటే విన్న చిరునామా. తరువాత చుక్క పెట్టాను. ఎక్కించకుండా తీసెయ్యడం ఎలా? పద్ధతి ప్రకారం వెళ్ళాలి.

ఈస్టరు వచ్చింది, పోయింది. ఆ సంగతి కమిటీ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

కిందటి క్రిస్మస్‌కి, లారీలో ఇంటింటికీ వెళ్ళి పాటలు పాడే కేరల్స్ వాళ్ళు అన్నమ్మ ఇంటికి కూడా వెళ్ళలేదు. జాబితాలో ఆ ఇల్లు రాలేదట. మెషీన్లన్నాక ఇలాంటివి జరుగుతుంటాయి.

19 సెప్టెంబరు

ఆలిస్ బొబ్బట్లు పంపింది. తీపి ఎక్కువైంది. నాలుగు తిన్నాను, నిర్ధారించుకోవడానికి.

6 అక్టోబరు, ఆదివారం

ఈ రోజు కమిటీలో నా అభిప్రాయం అడిగారు. రాత్రంతా ఆలోచించి పెట్టుకున్నవి చెప్పాను. కొత్తది తెరుచుకునేలోపు నాలుగు చరణాల పాట పాడి ముగించవచ్చు. ఫ్లాపీలు మార్చీ మార్చీ ఆ పిల్ల వేళ్ళు నొప్పి పుడతాయి. పాతదానికి మన మెషీను అలవాటు పడింది, మన మెషీనుకు అది అలవాటు పడింది. మూడు కంటే నాలుగు పెద్దదే కానీ, ఇరవై కంటే యాభై కూడా పెద్దదే, ఆ లెక్కన నన్ను తీసేసి ఇరవయ్యేళ్ళ వాళ్ళను ఎందుకు పెడుతున్నారు?

చివరిది అనలేదు. అనాలనుకున్నాను.

చుక్కల సంగతి కూడా చెప్పలేదు. చెబితే ఎవరెవరికి ఉన్నాయని అడుగుతారు. అడిగితే అబద్ధం చెప్పలేను. అడగనివ్వకపోవడం అబద్ధం కాదు.

ఆలిస్ మాత్రం, "పాత చెత్తంతా వదిలేసి శుభ్రంగా కొత్తదాంట్లోకి ఎక్కిస్తానండి," అంది.

పాత చెత్త అంటే ఏమిటని అడగలేకపోయాను. చుక్క పడ్డవాళ్ళు కూడా అందులోకే వస్తారేమో.

పాస్టరు జ్ఞానప్రకాశం అయ్యగారు ఎవరినీ నొప్పించరు. అందుకే ఇద్దరినీ సమానంగా నొప్పించారు. "క్రిస్మస్ వరకూ రెండూ ఉంచుదాం. ఈ యేడు కేరల్స్ జాబితా కొత్తదాంట్లోనే తీయనీయండి. తప్పుల్లేకుండా వస్తే అదే ఉంటుంది, గది తాళం ఆలిస్‌కి. తప్పొస్తే పాతదే, కృపమ్మ గారే," అన్నారు.

చిన్న పరీక్ష కాదు. కేరల్స్ జాబితాలో ఒక ఇల్లు తప్పితే ఆ ఇంటివాళ్ళు ఈస్టరు దాకా సంఘంతో మాట్లాడరు.

"నీకేటి కావాల? ఆ పిల్ల ఫెయిలవ్వాలా?" అని దారిలో ఈయన అడిగారు.

"దేవుని చిత్తం జరగాలి," అన్నాను.

"ఆయన సిత్తమా? నీ సిత్తమా?"

"రెండూ ఒకటే అయితే నా తప్పా?"

17 అక్టోబరు

దుర్గా పూజలు. మైకుల మోత. ఈయన పనిచేసే నిమ్‌పురా రైల్వే షెడ్డుకి కూడా సెలవు. ఈయన వంకాయలు తెస్తానని మలంచా వెళ్ళి సాయంత్రం దాకా రాలేదు. వచ్చారు. వంకాయలు లేవు. చొక్కా మీద పసుపు మరక, చేపల కూరది. మేము ఈ రోజు చేపలు వండలేదు.

నేను ఏమీ అడగలేదు. వాళ్ళు ఆరోగ్యంగా ఉన్నారా అని కూడా అడగలేదు.

9 నవంబరు, శనివారం

ఈయన ముఖం కడుక్కుని, తువ్వాలు భుజాన వేసుకుని, నా వైపు చూడకుండా గోడతో మాట్లాడారు.

"జనవరిలో టాటానగర్ ఎలిపోతన్నారట. అక్కడ పెద్ద సెంటరు ఎట్టినారు, అల్లుడికి ఉజ్జోగం."

గోడ ఏమీ అనలేదు. నేను బియ్యం ఏరుతున్నాను.

"పోయిన క్రిస్మస్‌కి గుమ్మంలో చుక్క కట్టుకుని, దీపం ఎట్టుకుని కూకుందట. కేరల్స్ లారీ మలంచా రోడ్డు మీద పాడుకుంటా ఎలతా ఉంటే ఇనబడిందట. ఈ సందులోకి తిరగతాది, ఈ సందులోకి తిరగతాదని సూసిందట. తిరగలేదు."

బియ్యంలో రాళ్ళు ఎక్కువగా ఉన్నాయి. ఏరిన చాటనే మళ్ళీ ఏరాను.

"నీకే సెప్తన్నాను, గోడకి కాదు."

"జాబితాలో లేని ఇంటికి లారీ ఎలా తిరుగుతుంది?" అన్నాను.

"జాబితా ఎవులు రాసినారు?"

"మెషీను."

ఆయన తువ్వాలు దండెం మీద వేసి బయటికి వెళ్ళిపోయారు. నాకు నిద్ర బాగానే పట్టింది. తెల్లారుజామున.

10 నవంబరు

'రికాల్' అని కొడితే అయిపోతుంది. ఎవరి అనుమతీ అక్కర్లేదు, పెట్టినప్పుడు ఎవరిని అడిగాను కనుక? కానీ తీస్తే, నేనే పెట్టి నేనే తీసినట్టు అవుతుంది. పెట్టినప్పుడు న్యాయం అయినది తీసినప్పుడు ఏమవుతుంది? అదీగాక ఆ పిల్ల వచ్చి ఒక్క మాట అడగవచ్చు కదా.

తలుపు తీయనిదే ఎలా అడుగుతుందని ఈయన అంటారు. ఆయనకు పద్ధతి తెలియదు.

23 నవంబరు, శనివారం

గదిలో ఇద్దరం. ఒకే మెషీను. పొద్దున్న నేను, మధ్యాహ్నం ఆలిస్. ఈ రోజు ఆమె ముందే వచ్చింది. వేడి వేడి పకోడీలు తెచ్చింది. ఉల్లిపాయ సరిగ్గా వేగింది, తప్పు పట్టడానికి వీల్లేదు.

"నాకు వద్దంటే వినలేదు ఆంటీ. కోడలికి కంప్యూటరు వచ్చని మామయ్యగారు సంఘమంతా చెప్పేశారు. నేను నేర్చుకున్నది మూడు నెలలు. అందులో ఒక నెల కరెంటు లేదు," అంది.

ఈ మాట రెండు నెలల ముందు చెప్పి ఉంటే ఎంత ప్రార్థన ఆదా అయ్యేది.

కొత్త వెర్షన్ తెరిచింది. నిజంగానే పెట్టెలు పెట్టెలుగా, అందంగా ఉంది. అది తెరుచుకునే లోపల పకోడీలు అయిపోయాయి. పాత ఫైలును ఉన్నదున్నట్టు ఎక్కించేసింది. వదిలేస్తానన్న చెత్త ఏమిటో ఆమెకే తెలియదు, మాటవరసకి అన్నదట. తెర మీద పేర్లు పైకి పోతున్నాయి. నేను వెనక నిలబడి చూస్తున్నాను.

జగ్గారావు గారు కనబడ్డారు. గార్డు జగ్గారావు గారు పోయి రెండేళ్ళు. ఆయన చుక్క నేనే పెట్టాను. తరువాత ఆద్రా స్టేషనుకి ట్రాన్స్‌ఫరైన వాళ్ళు. తరువాత అన్నమ్మ. ఆ కింద, మలంచా, పోస్టాఫీసు వెనక మేడ, కింది వాటా.

అందరూ ఉన్నారు. 'సెట్ డిలీటెడ్ ఆన్' అన్న ఆ మొదటి మాట ఈ పిల్ల కొట్టలేదు. మెనూల్లో అది ఎక్కడుందో, ఉందో లేదో కూడా ఆమెకు తెలియదు.

"అన్నీ వచ్చేసినట్టేనా ఆంటీ?"

"అన్నీ వచ్చాయమ్మా," అన్నాను. నిజమే కదా.

14 డిసెంబరు, శనివారం

ఆలిస్ మధ్యాహ్నం ఏడుపు ముఖంతో మా ఇంటికే వచ్చింది. రేపు కమిటీకి జాబితా ఇవ్వాలి. కొత్త వెర్షన్ గీసే గళ్ళు మా పాత ప్రింటరుకి అర్థం కావడం లేదట. కాగితం నిండా పిచ్చి గుర్తులు.

"మీరెలా తీసేవారు ఆంటీ? ఒక్కసారి చెప్పండి. మామయ్యగారు..." అని ఆగిపోయింది.

పాత మాటలు కొత్తదాంట్లో కూడా పని చేస్తాయి. మెనూలోంచి బయటికి వస్తే అక్కడా తెర మీద అదే చిన్న చుక్క ఎదురు చూస్తుంది. నేను ఆమెతో వెళ్ళి చూపించాను. 'లిస్ట్' అని కొట్టు, పేరు, చిరునామా, 'టు ప్రింట్'. కొట్టింది. ప్రింటరు కీచుమంటూ మొదలుపెట్టింది. ఆలిస్ నన్ను కావలించుకుంది.

నేను ప్రతి శనివారం రెండు మాటలు కొట్టేదాన్ని. ఆమె అడిగింది ప్రింటు తీసే మాట. అది చెప్పాను. మొదటిది ఆమె అడగలేదు.

రేపు కమిటీ ముందు జగ్గారావు గారి పేరు వస్తుంది. పోయినవాళ్ళను పాటలు వినడానికి పిలిచే వెర్షన్ ఎలాంటిదో అందరూ చూస్తారు. ఆలిస్ మీద నాకు కోపం లేదు. ఆమెకు విశ్రాంతి.

15 డిసెంబరు, ఆదివారం

వివరంగా రాసుకోవాలి. నేను అబద్ధం చెప్పలేదని నాకు తెలియాలి.

ఆరాధన అయ్యాక జాబితా బల్ల మీద పరిచారు. పొడుగాటి కాగితం. సమూయేలు గారు కళ్ళద్దాలు సరిచేసుకుని వేలితో ఒక్కొక్క పేరే చదివారు. ఒక చోట వేలు ఆగింది.

"ఇదేటి? కొన్ని పేర్ల కాడ చుక్కలున్నాయి?"

అప్పుడు గుర్తొచ్చింది నాకు. 'లిస్ట్' అని కొడితే చుక్క కూడా అచ్చవుతుంది. నేను ఎప్పుడూ చూడలేదు. నా జాబితాలో చుక్కలవాళ్ళు వచ్చేవారే కాదు.

ఆలిస్ ముఖం తెల్లబోయింది. నా వెనక్కి జరిగి, "ఆంటీ, ఇవి ఏంటో నాకు తెలీదు. చచ్చిపోయాను," అని గొణిగింది.

సమూయేలు గారు ఇంకా కాగితం మీదే వంగి ఉన్నారు. ఉన్నట్టుండి ముఖం విప్పారింది.

"ఓహో! పాత పద్దతా! మా కాలంలో కేరల్స్ లిస్టు సేత్తో రాసీవోళ్ళం కదండీ, ఏ ఇంట్లో కూకుని టీ తాగాలో ఆ ఇంటికి చుక్క ఎట్టీవోళ్ళం. మిగతా ఇళ్ళ కాడ గుమ్మంలో పాటే, ఈ ఇళ్ళల్లో ప్రార్దన, టీ, బిస్కట్టు. నాలుగో నంబరుకి ఇది కూడా తెలుసేటి!"

అయ్యగారు తొంగి చూశారు. "జగ్గారావు గారి పేరు ఉందే. ఆయన పోయారు కదా?"

"ఆయన పోతే ఏటండీ, ఇల్లు పోనేదు కదా. ఆవిడుంది, కొడుక్కి అదే క్వార్టరు ఇచ్చినారు. పెద్దాయన పేరునే ఇల్లు ఉంచినారు, గౌరవం. అసలు రెండేళ్ళ మట్టీ ఆ ఇంటికి మనం ఎల్లనేదు, సిగ్గుసేటు."

ఆయన వేలు ఇంకా కిందికి వచ్చింది. అన్నమ్మ. ఇంకా కిందికి. మలంచా దగ్గర ఆగింది. ఆ పేరు చదివారు. పైకి చదవలేదు. తలెత్తి నా వైపు చూశారు.

"కుర్పమ్మా. ఈ చుక్కలు నువ్వెట్టినయ్యేనా?"

ఒక్క మాట చాలు. 'ఇవి తీసేసిన ఇళ్ళండీ, కొత్త వెర్షన్ తప్పుగా చూపిస్తోంది' అంటే తాళం నాది. పాతది పాతచోటనే ఉంటుంది. ఆలిస్ ఇంటికెళ్ళి ఏడుస్తుంది. లారీ మలంచా రోడ్డు మీదుగా పాడుకుంటూ నేరుగా వెళ్ళిపోతుంది.

"నేను పెట్టినవేనండీ," అన్నాను.

"టీ ఇళ్ళేనా?"

నా గొంతు ఎప్పుడూ చిన్నదే. ఈ రోజు ఇంకా చిన్నదైంది.

"పోయినేడు ఆ ఇళ్ళకి వెళ్ళలేదండీ," అన్నాను.

ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఎన్నిసార్లు చూసుకున్నా లేదు.

"అయితే ఈ యేడు ముందు అయ్యే!" అని ఆయన బల్ల గుద్దారు. "అద్గదీ పద్దతంటే. సూసినారా అయ్యగారూ, మూడో నంబరు ఏ రోజైనా ఇలాగ సెప్పిందా?"

అయ్యగారు అందరి ముందూ గది తాళం ఆలిస్‌కి ఇచ్చారు. చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. పరీక్షలో కొత్త వెర్షన్ నెగ్గింది. పాతదాని ఫ్లాపీలు అట్టపెట్టెలో పెట్టి బీరువా మీదకు ఎక్కించారు.

ఇంటి గేటు దగ్గర ఈయన, "రాతిరికి వంకాయలు వండు, నానే తెస్తాను," అన్నారు. ఈసారి తెచ్చారు.

16 డిసెంబరు

ఎంత మోసపోయాను. ఆ తాళం నాది.

18 డిసెంబరు

ఈ ఏడాది కేరల్స్‌కి నేను వెళ్ళను. మోకాళ్ళ నొప్పి. ఈయనకి చెప్పాను. "సరే," అన్నారు. బతిమాలతారేమోనని చూశాను.

21 డిసెంబరు, శనివారం

వెళ్ళాను. ఆడవాళ్ళలో కింది స్వరంలో రెండో గొంతు పాడేవాళ్ళు తక్కువయ్యారని కబురొచ్చింది. ఎవరు పంపారో ఆలిస్ చెప్పలేదు.

చీకటి పడకముందే లారీ కదిలింది. ముప్పై మందిమి ఉంటాం. ముందు అన్నమ్మ ఇల్లు. పాడడం మొదలుపెట్టేసరికి ఆమె చేతిలో అట్లకాడతోనే గుమ్మంలోకి వచ్చింది.

"పోయినేడు రానోళ్ళు ఈ యేడు టీ తాగడానికి వొచ్చినారేటి? అదీ సెప్పా పెట్టకుండా!"

"లిస్టులో నీ ఇంటికి చుక్కుందమ్మా," అన్నారు సమూయేలు గారు గొప్పగా.

అన్నమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, "కూకోండి, కూకోండి," అంటూ పక్క క్వార్టర్ల తలుపులన్నీ కొట్టి పాలు అడిగింది. నాకు మాత్రం స్టీలు గ్లాసులో, మీగడతో ఇచ్చింది. "నువ్వే రాయించినావట. ఆ పంపు కాడ మాట నువ్వు మనసులో ఎట్టుకోనేదన్నమాట. నిజంగా బక్తురాలివే," అంది.

టీ బాగుంది. మింగడం కష్టమైంది.

ఆద్రా వెళ్ళిపోయినవాళ్ళ క్వార్టర్లో ఇప్పుడు సర్దార్జీ కుటుంబం ఉంటోంది. వాళ్ళు మూడు పాటలూ నిలబడి విని, అందరికీ వేరుశెనగ చిక్కీ పంచారు. జగ్గారావు గారి భార్య మాత్రం ఏమీ ఇవ్వలేకపోయింది. మా చేతులు పట్టుకుని ఒక్కొక్కరినీ, "ఆయన పేరు ఇంకా ఉందా? ఆయన పేరే చదివినారా?" అని అడిగింది. ఉందమ్మా అన్నాం.

తరువాత లారీ మలంచా రోడ్డు ఎక్కింది. పోస్టాఫీసు దాటాక సందులోకి తిరిగింది. నేను వెనక నుంచున్నాను, పొడుగాటి వాళ్ళ వెనక.

తలుపు తీసింది ఆ అబ్బాయి. తపన్. ముప్పై మందిని చూసి ముందు బెదిరాడు. తరువాత వాళ్ళ భుజాల మధ్య నుంచి నన్ను చూశాడు.

"ఆషున్ మాషీమా," అన్నాడు. రమ్మని. తరువాత, "పాత వెర్షన్ బాగా పని చేస్తోందా?" అని హిందీలో అడిగాడు.

"మార్చేశారు."

"కొత్తది మంచిదే."

"ఫరవాలేదు," అన్నాను.

రూతు అతని వెనక నిలబడి ఉంది. చిక్కింది. పాట మొదలయ్యేసరికి తలుపు చెక్క పట్టుకుని, పెదవులతో కలిసి పాడుతోంది, గొంతు రావడం లేదు. రెండో గొంతు నాది కదా, నాకూ రాలేదు. మిగతావాళ్ళు పాడారు. ఈయన అందరికంటే గట్టిగా, రాగం లేకుండా పాడారు.

ప్రార్థన అయింది. సమూయేలు గారు తీరిగ్గా చాప మీద కూర్చుని, "మరి టీ ఏదమ్మా?" అన్నారు. రూతు లోపలికి పరుగెత్తింది. గిన్నెల చప్పుడు. ఏదో కింద పడింది. ఇంకేదో పడింది.

ఆ పిల్లకి ఇద్దరికి టీ పెట్టడం వచ్చు. ముప్పై మందికి నీళ్ళెన్ని, ఆకెంత, పాలు ఎప్పుడు పోయాలి, తెలియదు. నేర్పే అవకాశం నాకు రాలేదు. సంఘం ముందు ఇల్లు నవ్వులపాలు కాకూడదని లోపలికి వెళ్ళాను. మరో కారణం లేదు.

పెద్ద గిన్నె అందుకుని పొయ్యి మీద పెట్టాను. ఆమె పక్కన నిలబడింది.

"పంచదార ఎక్కడుంది?" అన్నాను. ఏడాది మీద నాలుగు నెలల తరువాత నా కూతురితో నేను మాట్లాడిన మొదటి మాట అది. ఇంతకంటే మంచి మాట సిద్ధం చేసుకుని ఉండవలసింది.

"పై అరలో అమ్మా. నీకందదు, నాను తీస్తాను."

తీసింది. ఇద్దరం పోశాం. వడకట్టేటప్పుడు నా చేతిలో వాళ్ళ టీ గుడ్డ చిరిగిపోయింది. పాతది, పలచబడిపోయి ఉంది. ఆమె గరిటెతో ఆకు ఆపింది, నేను వంచాను. అలాగే అయింది.

రేపు ఆరాధన అయ్యాక కొత్త గుడ్డ కొని మలంచా వెళ్ళి ఇచ్చి రావాలి. ఒకరి ఇంట్లో వస్తువు పాడుచేసి ఊరుకుంటే విశ్వాసులుగా మన సాక్ష్యం ఏమవుతుంది? వాళ్ళు జనవరిలో వెళ్ళిపోతున్నారు కాబట్టి ఆలస్యం చేయకూడదు. ఒకటి చాలదు, రెండు తీసుకోవాలి. రెండోది ఎల్లుండి ఇవ్వవచ్చు.